మానుట, మాన్పుట

సూరత్ నగరమున లింబాయత్ మొదలగు పేటలలో వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతములనుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబములు పెక్కు కలవు. వారి తెలుగులో ఏదైన నిలుపుటకు ‘బందు చేయుట’ యను మాట నిత్యము వినబడును. మరమగ్గము బందు, దీపము బందు, తలుపు బందు. చుట్టునున్న గుజరాతీయులదియు నించుమించుగా నదే మాట. పారసీకమునుండి వచ్చిన యీ ‘బందు’నకును సంస్కృత ‘బంధము’నకును మూల మొక్కటియే; కట్టివేయుటయే దాని యర్థము. మోక్షశాస్త్రములు దేనినుండి విడివడుమని బోధించుచున్నవో, దాని పేరే నిలుపుదలకు వచ్చినది!

యంత్రము విషయమున నిందు దోషము లేదు. మీట నొక్కినచో మగ్గ మాగును. మరల నొక్కినచో విడిచిన పోగుకడనుండియే నేత సాగును. ఆగినంతమాత్రమున మగ్గమునందు మార్పేమియు రాదు. మనుష్యుని దురభ్యాసమునకు నీ మాట చాలునా?

గుజరాత్ రాష్ట్రము 1960లో ఏర్పడిన నాటినుండి అచట మద్యనిషేధము శాసనముగా నున్నది. ఆంధ్రప్రదేశ్‌లోను, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచిన పిమ్మట, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను, 1997లో సడలిపోయెను. శాసనము అంగడిని బందు చేయగలదు. అది చిన్న మేలు కాదు, కూలిడబ్బు ఇల్లు చేరుటకు దారి యేర్పడును. కాని దాహమును బందు చేయజాలదు. కర్మేంద్రియములను బిగబట్టి మనసున విషయములనే తలపోయువానిని గీతాచార్యుడు మిథ్యాచారు డనెను.

తెలుగున వేరొక క్రియ కలదు: మానుట. త్రాగుడు మానెను, గాయము మానెను. విడుచుటకును నయమగుటకును ఒకటే మాట. కట్టు కట్టినంతనే పుండు మానదు. లోపలినుండి క్రొత్త చర్మము రావలెను. కట్టు వలదని కాదు, అది లేనిచో దుమ్ము చేరును. శాసనము, పెద్దల మందలింపు, ఇల్లాలి కన్నీరు, ఇవన్నియు కట్టులే.

‘మాన్పుట’ యను రూపమును కలదు. వైద్యుడు గాయమును మాన్పెననుట వాడుకయే గాని, మందు వేయుటయే యాతని పని, మానవలసినది దేహము. భర్తచే త్రాగుడు మాన్పింపగోరు ఇల్లాలి దుఃఖమంతయు నీ రెండు క్రియల నడుమనే యున్నది. ఆమె యెంత శ్రమించినను, మానుటకు కర్త యతడే.

మనస్సును పట్టుట గాలిని పట్టుటవలె దుష్కరమని గీత ఆరవ అధ్యాయమున అర్జునుడనగా, భగవానుడు కాదనలేదు. అభ్యాసమును వైరాగ్యమును చెప్పెను. వైరాగ్య మొకానొకనాడు మేల్కొనవచ్చును. అభ్యాసమో, ప్రతి సాయంకాలమునకును చెందినది. పని ముగించి మగ్గము బందు చేసి వచ్చు నేతగాని యెదుట ఇంటిదారి యొకటి, వేరొక దారి యొకటి యుండును. ఆ మలుపుకడ వానితో నింటివరకు నడచు మిత్రు డొకడున్నను మేలే.