పతకము లేని ధైర్యము



ధైర్యము మంచి గుణమేనా? అవునని వెంటనే చెప్పుదుము. అయితే ఇద్దరు గుఱ్ఱపు దళపు సైనికుల చరిత్ర మమ్మును ఆలోచింపజేసినది.

1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగెను. దక్షిణ రాష్ట్రములు బానిసత్వమును నిలుపుకొనగోరి వేరుపడగా, ఒకే బైబిలు చదువువారు ఒకరినొకరు చంపుకొనిరి. ఉత్తర సేనలో థామస్ కస్టర్ అను ఇరువదియేండ్ల యువకుడుండెను. 1865 ఏప్రిల్ 3న వర్జీనియాలోని నామోజీన్ చర్చి దగ్గర అతడు శత్రువుల జెండాను పట్టుకొనెను. మూడు దినములకు సేలర్స్ క్రీక్ యొద్ద మరల శత్రువుల మధ్యకు గుఱ్ఱమును దూకించెను. జెండా మోయువాడు కాల్చిన గుండు ముఖమున తగిలినను వెనుదీయక, వానిని కాల్చి జెండాను లాగుకొనెను. మెడల్ ఆఫ్ ఆనర్ అను పతకమును రెండుమార్లు పొందిన తొలి సైనికుడు ఇతడే.

ఆ జెండా మోసినవాడు పిరికివాడా? కాడు. వాడును ప్రాణమునకు తెగించినవాడే. అయితే బానిసల సంకెళ్లను కాపాడు పక్షమున తెగించెను. కావున ధైర్యము గుఱ్ఱము వంటిది. కళ్లెము ఎటు త్రిప్పిన అటు పోవును.

రెండవవాడు సైలస్ సోల్. ఇతడును ఉత్తర పక్షపు గుఱ్ఱపు దళములో కెప్టెనే. 1864 నవంబరు 29న కొలొరాడోలోని శాండ్ క్రీక్ యొద్ద, సమాధానము కోరి దిగియున్న మూలవాసుల గుడారములపై అతని పై అధికారి దాడి చేయించెను. చనిపోయినవారిలో స్త్రీలు, పిల్లలే ఎక్కువ. సోల్ మాత్రము తన మనుష్యులను కాల్పనీయలేదు. మరుసటి యేట విచారణ సంఘము ఎదుట నిలిచి, చూచినదంతయు సాక్ష్యమిచ్చెను. 1865 ఏప్రిల్ 23న డెన్వర్ వీధిలో ఎవరో అతనిని కాల్చి చంపిరి. కస్టర్ జెండాలు పట్టిన నెలయే అది.

శత్రువు మీదికి దూకుటకు వెనుకనున్న సేన కేకలు బలమిచ్చును. తన సేన తప్పు చేయుచుండగా ఆగి నిలుచువానికి ఏ కేకయు తోడురాదు. కీడు చేయుటకు గుంపు వెంట పోవద్దని నిర్గమకాండము 23వ అధ్యాయము మనలను హెచ్చరించుచున్నది.

గట్టు తగాదాలో ముందుగా కఱ్ఱ ఎత్తినవానిని మనము వీరుడందుము. తప్పు మనవారిదేనని పదిమందిలో చెప్పువానిని ద్రోహి యందుము. ఈ ఇద్దరిలో మన పిల్లలు ఎవరిని పోలవలెనని కోరుచున్నాము? ఈ మాసము ఇంటింట ఈ ప్రశ్న వేసికొందము.