వృద్ధసేవకు ప్రతినిధి చెల్లునా?

వార్ధక్యము దోషము కాదు, శరీరధర్మము. బాల్యమున మనలను నడిపించిన చేయియే ఒకనాడు ఊతకొఱకు చాచబడును. ఆ చేతిని పట్టుకొనవలసినవాడు పొట్టకూటికై దూరదేశమున నున్నచో ధర్మమేమి? మా రాప్తాడు వంటి గ్రామములలో నేడు ఇంటింటను వినవచ్చు ప్రశ్న ఇది.

అనంతపురమునకు దక్షిణమున బెంగుళూరు రహదారిపై నున్నది మా ఊరు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు చాలవరకు సముద్రతీరముననే కురిసిపోవును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమును నమ్మి వేరుసెనగ విత్తుటయే ఇక్కడి సేద్యము. పంట చేతికి రాని యేట యువకులు బెంగుళూరు దారి పట్టుదురు, ఇంట వృద్ధులు మిగులుదురు. కన్నవారిని విడిచిపోయినారని వారిని నిందించుట సులభము. కాని వారు పంపు ధనముతోనే ఆ ఇంట పొయ్యి వెలుగుచున్నది.

రాజ్యము తన వంతు చేయుచున్నది. ఆంధ్రప్రదేశమున 2024 జూలై నుండి అర్హులైన వృద్ధులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇంటికే వచ్చి చేరుచున్నది. 70 ఏండ్లు నిండినవారికి ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స కల్పింపబడినది. 2007 నాటి చట్టము ననుసరించి, పోషింతునను షరతుపై ఆస్తి వ్రాయించుకొని మాట తప్పినవాని దస్తావేజు చెల్లదని ట్రిబ్యునలు ప్రకటింపవచ్చును. ఇవి భిక్షలు కావు, వృద్ధుల హక్కులు. వారి పింఛను సొమ్మును బిడ్డలు లాగుకొనుట మహాపాపము. ఐనను ధనమును చట్టమును ఉన్నంతమాత్రమున సేవ ముగిసినట్లేనా?

నా దోషమును దాచను. ముప్పది యేండ్ల క్రిందట నేను వేరొక జిల్లాలో సంస్కృత పండితుడనై యుంటిని. మా అమ్మ రాప్తాటిలో ఒంటరిగా నుండెను. నెలనెలా మనియార్డరు తప్పక పంపెడివాడను. ఒక రాత్రి ఆమె దొడ్డిలోనికి పోవుచు చీకటిలో జారిపడి, తెల్లవారి పొరుగింటి యామె చూచువరకు అట్లే పడియుండెను. తుంటి యెముక విరిగిన ఆమె మరల లేచి నడువలేదు. ముందునాడే మనియార్డరు అందినది. ఆమె చూపు మందగించినదని నాకు తెలియదు, నేనెన్నడును అడుగలేదు.

ఆ దినములలోనే తరగతిలో నేను భారతములోని ధర్మవ్యాధుని కథ బోధించుచుంటిని. కౌశికుడు వేదాధ్యయనపరుడు, చూపుతోనే కొంగను కాల్చిన తపస్వి. మిథిలలో మాంసము విక్రయించు ధర్మవ్యాధుడు తన వృద్ధ జననీజనకులను అతనికి చూపి, వీరే తనకు దైవములని చెప్పెను. అనుమతి గొనక విడిచివచ్చిన తలిదండ్రుల కడకు మరలిపొమ్మని అతనికి బోధించెను. ఆ పాఠము చెప్పుచున్న నేనే కౌశికుడనని నాకు తోచలేదు.

అయినచో దూరమేగిన వారందరును మరలి రావలెనా? దీనికి మీమాంసాశాస్త్రమున ఒక వెలుగు కలదు. యాగమునకు వ్రీహులు, అనగా వడ్లు, దొరకనిచో నీవారములతో, అనగా అడవివరితో, నడుపవచ్చునని జైమిని మతము. కర్మ నిర్వహించుటకు ఋత్విక్కులను దక్షిణనిచ్చి వరింపవచ్చును. కాని యజమానునకు మాత్రము ప్రతినిధి లేడు. సంకల్పము అతనిదే, ఫలమును అతనిదే.

వృద్ధసేవయు అట్టిదే. స్నానము చేయించుటకు మనిషిని నియమింపవచ్చును, పొరుగువారి సాయము గొనవచ్చును. కాని వారికేమి కావలెనో విచారించుట, నిర్ణయించుట, ఆపదలో పరుగున వచ్చుట యజమానుని పని. అది బెంగుళూరు నుండియు చేయదగినదే. ప్రతిదినము మాటలాడి, "బాగున్నావా?" అని మాత్రమే కాక, మందు వేసికొన్నావా, చూపు ఎట్లున్నది, రాత్రి దీపము వెలుగుచున్నదా అని అడుగవలెను. స్నానపు గదిలో పట్టుకొనుటకు కమ్మి వేయింపవలెను. వేసవిలో దప్పిక తెలియకున్నను తరచు నీరు త్రాగునట్లు చూడవలెను. మంచము పట్టినవారిని రెండు గంటల కొకమారు ప్రక్క మార్చనిచో వీపున పుండ్లు పడును. ఈ భారమంతయు ఇంటి కోడలిపై మోపి కుమారుడు పుణ్యము నాశించుటయు న్యాయము కాదు. ఆమెకును విశ్రాంతి కల్పించుట అతని సంకల్పములో చేరినదే.

కొండపై స్వామికి ద్రవ్యమును మనము సమర్పింతుము, అర్చకులు కైంకర్యము నడుపుదురు. కాని భక్తిని మన బదులు వేరొకరు చేయజాలరు. ఇంటనున్న వృద్ధుల విషయమునను అంతే. మా అమ్మను నేనడుగని ప్రశ్నను, పాఠక మహాశయులారా, ఈ దినమే మీవారిని అడుగుడు. అట్టి బుద్ధిని శ్రీనివాసుడు మనకందరకును అనుగ్రహించుగాక!