హాస్టల్ బిడ్డలు ఏ విచారణ వారు?



మధురానగర్, అమీర్‌పేట సందుల్లో ఎటు చూసినా హాస్టళ్లే. కంప్యూటర్ కోర్సుల కోసం ఊళ్ల నుండి వచ్చిన యువతీయువకులు కొన్ని నెలలుండి వెళ్లిపోతారు. వారిలో మన కతోలిక బిడ్డలూ ఉన్నారు. వారికి కుటుంబ కార్డు ఉండదు, చందా ఉండదు, రిజిస్టరులో పేరుండదు. "వాళ్లు మన విచారణ వాళ్లు కాదు కదా, ఫాదర్‌గారూ!" అని కొందరంటారు.

ఇది లెక్కల ప్రశ్న కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న. 1983లో వెలువడిన శ్రీసభ చట్టం 102వ సూత్రం ప్రకారం, మూడు నెలలు ఉండాలని వచ్చి నివసించేవారైనా, అన్నాళ్లు ఉన్నవారైనా ఆ విచారణకు చెందుతారు. ఎక్కడా స్థిర నివాసం లేనివారికి సైతం, ప్రస్తుతం ఉన్న చోటి విచారణ గురువే కాపరి అని 107వ సూత్రం చెబుతుంది. కనుక వారిని ఆదరించడం దయాధర్మం కాదు, మనం తీర్చవలసిన బాకీ.

"వెళ్లిపోయేవారి కోసం శ్రమ ఎందుకు?" అనవచ్చు. సికింద్రాబాదులోని పునీత మరియమాత దేవాలయాన్ని 1850లో కట్టింది ముఖ్యంగా దండులోని ఐరిష్ సైనికుల కోసం. వారూ కొన్నాళ్లుండి వెళ్లినవారే. సైనికులు పోయినా గుడి తలుపులు మూతపడలేదు, తరువాత వచ్చినవారికి తెరిచే ఉన్నాయి. 2008లో అది బసిలికా అయింది.

నగరంలో మనుషులు మారుతూనే ఉంటారు. విచారణ అంటే కార్డులున్న కుటుంబాల సంఘం కాదు, దాని హద్దుల్లో నివసించే ఆత్మల సంరక్షణ. ఆ బిడ్డల పేర్లు రాసుకోవడం గురువుల పని. ఇంటికి పిలిచి ఒక పూట అన్నం పెట్టడం మీ పని.