మలుపు దగ్గర ఆగుట



నా చిన్ననాటి స్నేహితుడొకడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రములో స్థిరపడి 18 సంవత్సరములైనది. గడచిన సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు, అక్కడ తాను ముద్దుగా దాచుకొన్న పాత కారు ఫొటోలు మాకు చూపెను. 1967లో తయారైన ఫోర్డు మస్టాంగు అది. సెలవు దినములలో అటువంటి కార్లుగల మిత్రులు పదిమంది కూడి, వరుసగా బండ్లు పెట్టుకొని, రెండు మూడు దినముల ప్రయాణము పోవుదురట. పనియేమియు లేదు, పోవుటయే పని. కళ్లములో వడ్లుండగా గడప దాటని మనకు ఇది వింతగా తోచును. నాకును తోచెను.

ఇటువంటి వాటిని ఆ దేశములో మజిల్ కార్లందురు, అనగా కండబలముగల కార్లు. 1964లో పాంటియాక్ కంపెనీవారు జి.టి.ఓ. అను కారును తెచ్చినది మొదలు ఈ మోజు వ్యాపించెను. మోస్తరు కారులో మిక్కిలి పెద్ద ఇంజను పెట్టిరి. దాని బలము 325 గుర్రములు. అదే కాలమున మన అంబాసిడరు బలము 50 గుర్రములకు కొంచెము పైన. ఒక సంగతి విని నేను నవ్వితిని. అంత బలముగల ఆ కారునకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే యుండెనట. పరుగెత్తు బలమును పెంచినంతగా ఆగు బలమును పెంచలేదు. 1966లో ఆ ప్రభుత్వము వాహనముల భద్రత కొరకు చట్టము చేసెను. 1973లో చమురు కరవు వచ్చి ఆ మోజు చల్లారెను.

అయితే అతడు చెప్పిన మాటలలో నాకు పట్టుకొన్నది ఇంజను సంగతి కాదు. గుంపుగా పోవునప్పుడు వారికొక కట్టడి యున్నదట. ప్రతివాడును తన ముందు బండిని అందుకొనుటకంటె తన వెనుక బండిని అద్దములో చూచుకొనవలెను. మలుపు వచ్చినచోట, వెనుకవాడు తన్ను చూచువరకు ఆగి, ఆ తరువాతనే తిరుగవలెను. ఇట్లు ఒక్కొక్కడు ఒక్కొక్కని కనిపెట్టుకొన్నయెడల కడపటి బండి తప్పిపోదు. ఎంత కండగల బండియైనను ఆ వేళ గుంపులో బలహీనమైన బండి నడకనే నడచును.

"మనమూ పోదాంరా" అనెను. నలుగురము, రెండు కార్లు. రాజమహేంద్రవరమునుండి కోనసీమ మీదుగా నరసాపురము పోవలెనని అనుకొంటిమి. ఒకటి అతడు అద్దెకు తెచ్చిన క్రొత్త కారు. రెండవది మా మరియొక మిత్రుని అంబాసిడరు. అతని తండ్రి టాక్సీగా నడిపిన బండి అది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినను ఇతడు దానిని విడువలేదు. ఇతడు కౌలు రైతు. పెండ్లిండ్ల కాలములో బండికి బాడుగ దొరికిన సంతోషించును. క్రొత్త కారులో అమెరికా మిత్రుడు, ఉపాధ్యాయుడైన మిత్రుడు, నేను కూర్చుంటిమి. పాత కారులో అతడొక్కడే. పుష్యమాసపు చలిలో కూడ మా ముగ్గురికి ఏ.సి. కారే కావలసివచ్చినది, ఏమందును?

నరసాపురములో 11 గంటలకు ఒక గృహములో నేను ప్రార్థన చేయవలసియుండెను గనుక తొందర నాదే. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి రావులపాలెము చేరితిమి. అక్కడ పెద్దరోడ్డు విడిచి కొత్తపేట వైపు తిరుగవలెను. కట్టడి చెప్పినవాడు, చెప్పినట్లే, మలుపులో బండి ప్రక్కకు తీయబోయెను. నేనే, "వాడికి దారి తెలీదా ఏంటి, పదరా" అంటిని.

అంబాజీపేట దాటితిమి, అమలాపురము దాటితిమి, రాజోలు దాటితిమి. దిండి దగ్గర కొబ్బరి బొండములు త్రాగుచు అరగంట చూచితిమి. అంబాసిడరు రాలేదు. ఫోను చేయగా అతడు నెమ్మదిగా చెప్పెను: "ఇంజను వేడెక్కింది. కాలవ నీళ్లు పోసి చల్లార్చుకుని ఇంటికొచ్చేశాను. మీరు వెళ్లండి, అయ్యగారికి ఆలస్యమవుద్ది."

ఐదవ తరగతినుండి నన్ను 'ఒరేయ్' అనువాడు ఆ దినమున 'అయ్యగారు' అనెను. నరసాపురములో నేను చేసిన ప్రార్థన ఎట్లున్నదో ఆ ఇంటివారు చెప్పవలెను గాని నాకు తెలియదు.

అటుపిమ్మట అతని భార్యవలన మరియొక సంగతి వింటిని. సార్వా పంట నీట మునిగి అప్పు మిగిలినదట. దాళ్వాకు ఆ కౌలు ఉంచుకొనవలెనో విడువవలెనో తెలియక, నలుగురము ఒకచోట కూర్చున్నప్పుడు చెప్పుకొందమని ఆ దినము కొరకే కాచుకొని యుండెనట. ఆ వారమే ఎవరితోను చెప్పక కౌలు విడిచిపెట్టెను.

అప్పటినుండి నన్ను ఈ ప్రశ్న విడువలేదు. బలముగలవాడు తన బలముకొలది ముందుకు పోవుట తప్పా? తప్పని అనలేను. 1986లో గోదావరి వరద వచ్చినప్పుడు నెమ్మదిగా పోయిన పడవను ఎవడు మెచ్చును? 2005లో 108 బండ్లు వచ్చినప్పటినుండి మన పల్లెలలో ఎందరు తల్లులు ఆ వడివలననే బ్రదికిరి! కాలువ పడవలను గట్టుమీదనుండి తాడు పట్టి మనుష్యులే లాగిన కాలములో, లాగువాని అడుగే షావుకారుకును కూలికిని వేగమై, అందరు ఒక్కసారే రేవు చేరిరి. అది చెప్పుకొనుటకు బాగుండును గాని, ఆ లాగువాని భుజమును అడిగినయెడల మరియొక మాట చెప్పును.

యెహూ రథము తోలు వెఱ్ఱి వడిని చూచియే యెజ్రెయేలు గోపురముమీది కావలివాడు అతనిని దూరమునుండి ఆనవాలు పట్టెను. అతనికి చేయవలసిన పని యుండెను, ఆ వడి పనికివచ్చినది. యాకోబు మార్గము వేరు. ఆదికాండము 33వ అధ్యాయము తీసి చూడుడి. 400 మందితో వచ్చిన ఏశావు కలిసి పోవుదమనగా, పసిపిల్లలును పాలిచ్చు పశువులును తనతో నున్నవి గనుక వాటి నడకనుబట్టియే వచ్చెదనని యాకోబు చెప్పెను. ఈ మాటమీద నేను ఎన్నిమార్లో ప్రసంగించితిని. కాని ప్రసంగములో నేను దాటవేయునది ఒకటి కలదు. శేయీరుకు వచ్చెదనన్న యాకోబు సుక్కోతుకు పోయెను. అన్నను తప్పించుకొనుటకు పిల్లల నడక సాకుగా కూడ పనికివచ్చినది. నిదానము కూడ ఎల్లప్పుడు ప్రేమ కాదు.

కాబట్టి వడిలోను లేదు, నిదానములోను లేదు. నాకు తోచినది ఇది. తిన్నని బాటలో మనము ఎంత ముందు పోయినను వెనుకవాడు మన బండిని చూచుచునే యుండును, తానును ఈ ప్రయాణములోనివాడనే అనుకొనును. మలుపులోనే మనము అతనికి కనుమరుగగుదుము. పంట పోయిన ఏడు ఒక మలుపు. ఇంటిలో ఒకరు మంచమెక్కుట మలుపు. పిల్లలు గల్ఫుకో అమెరికాకో పోవుట వెనుకనున్న తల్లిదండ్రులకు మలుపు. అట్టిచోట "వాడికి దారి తెలీదా" అనుట నిజమే, అతనికి దారి తెలియును. రావులపాలెములో నేను ఆగవలసినది దారి చూపుటకు కాదు. అతడు తల యెత్తి చూచినప్పుడు అక్కడ మా బండి కనబడవలెను, అంతే.

శ్రమకాలపు ఆదివారములలో ఒకదాని సాయంకాలము అతని ఇంటికి పోయి, తప్పు నాదని చెప్పితిని. అతడు బానెట్టు ఎత్తి ఏదో బిగించుచు తల త్రిప్పలేదు. కొంతసేపటికి, "రేడియేటరు గొట్టం మార్చానురా" అనెను. టెక్సాసువాడు వచ్చే సంక్రాంతికి మరల వచ్చుచున్నాడని చెప్పితిని.

"అయితే ఈసారి నా బండి ముందు," అనెను. "ఒరేయ్, నువ్వు ఇందులోనే ఎక్కు. నీళ్ల డబ్బా నీ కాళ్ల దగ్గర పెడతాను, ముడుచుకుని కూర్చోవాలి మరి."