పాత్ర నెరిగి నీరు పోయుము

చిరంజీవి మనుమనికి,

నీ ఉత్తరము అందినది. వచ్చు ఆదివారమున గాజువాకనుండి పూర్ణా మార్కెట్టునకు వచ్చి, క్రొత్తగా అమర్చుకొనుచున్న ఉప్పునీటి చేపలతొట్టికై నీరు కలుపుటకును నిలువచేయుటకును చవుకలో దొరికిన ఏదో ఒక డ్రమ్మును, రెండు బకెట్లను కొందునని వ్రాసితివి. ఆ ‘ఏదో ఒక’ అను మాట చదివినది మొదలు నా మనస్సు కుదుటపడలేదు. చిన్ననాడు బీచిరోడ్డులోని మత్స్యదర్శిని చేపలశాలలో నా వ్రేలు పట్టుకొని, అద్దమునకు ముక్కానించి, ఎంత పిలిచినను కదలక నిలిచిన బాలుడవు నీవు. అట్టి నీవు చేపలను పెంచబూనుట నాకు సంతోషమే. అయినను నోరులేని ప్రాణిని ఇంటికి తెచ్చినవాడు దాని ఊపిరికి పూచీపడినవాడగును గనుక, నీవు బజారున అడుగిడకమునుపే ఈ జాబు వ్రాయుచున్నాను.

మన యిండ్లలో పాత్రలకొక ధర్మముండెడిది. ఆవకాయకు జాడీ, చారునకు సత్తుగిన్నె, తాగునీటికి మట్టికుండ. కళాయి పోయిన ఇత్తడిగిన్నెలో చింతపండుపులుసు కాచినచో కిలుమెక్కునని ఎరుగని ఇల్లాలు లేదు. కళాయివాని కేక వీధిమొగమున వినబడగనే మా అమ్మ అటకమీది గిన్నెలన్నియు దింపించెడిది. ఆ తెలివి తరతరములుగా వంటయింటి అనుభవమున పండినది. ప్లాస్టిక్కునకు అట్టి సంప్రదాయము లేదు. నేడు మన బకెట్లకును డబ్బాలకును మూలమైన గట్టి పాలిథీనును, పాలీప్రొపిలీనును నేను ఓనమాలు దిద్దునాటికి అంగడికి రానేలేదు. 1953లో జర్మనీయందు కార్ల్ జీగ్లరును, 1954లో ఇటలీయందు జూలియో నట్టాయును కనుగొన్న మార్గములవలన అవి లోకవ్యాప్తములైనవి, 1963లో ఆ యిరువురకును రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము వచ్చినది. కావున ఏ పాత్రలో ఏది పోయరాదో మా అమ్మ నాకు చెప్పినట్లు ప్లాస్టిక్కును గూర్చి చెప్పగల పెద్దలు నీకు లేరు. చదివియు, చెడియు నేర్చుకొన్నవాడను నేనే చెప్పవలెను.

దుకాణములో ముందుగా పాత్రను బోర్లించి చూడుము. అడుగున మూడు బాణములు త్రిభుజముగా చుట్టిన గుర్తును, దాని నడుమ ఒక అంకెయు ఉండును. 2 గట్టి పాలిథీను, 5 పాలీప్రొపిలీను. మెత్తబరచు నూనెలతో పనిలేకయే ఈ రెండును స్వభావసిద్ధముగా గట్టివై, ఉప్పునీటికి చలింపక నిలుచును. 3 పి.వి.సి.; నీటిగొట్టమువలె వంగుటకై దానిలో కలిపెడి థాలేటులనెడి ఆ నూనెలు క్రమముగా నీటిలోనికి దిగును. 6 పాలీస్టైరిను. స్టైరినన్న పేరు మన ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురమున కర్మాగారపు తొట్టినుండి వెలువడి నిద్రించువారి ప్రాణములు గొన్న ఆవిరి అదియే. ఆ ఆవిరికి మూలమైన ద్రవము గొలుసుకట్టి ఘనమైనప్పుడు పాలీస్టైరినగును. గట్టిపడిన దానికిని ఆ ఆవిరికిని భేదమెంతయో ఉన్నను, అడుగు చూడక వస్తువును కొనెడి అలవాటు నాకు ఆ ఉదయముతో పోయినది.

అయితే ఆ త్రిభుజము 1988లో అమెరికా ప్లాస్టిక్కు పరిశ్రమవారు చెత్తను వేరుచేయుటకై ఏర్పరచినది. ఆహారమునకు తగునని అది ఎన్నడును చెప్పదు. తాగునీటిని, ఆహారమును తాకు పాలిథీనునకు మన దేశపు ప్రమాణము ఐ.ఎస్. 10146, పాలీప్రొపిలీనునకు ఐ.ఎస్. 10910. ఆ సంఖ్యయో, గాజుగ్లాసు ప్రక్కన ముళ్లచెంచా బొమ్మయో ఉన్నదానిని ఏరుకొనుము. నలుపు, ముదురు రంగుల చవుక బకెట్లు పలురకముల పాత ప్లాస్టిక్కును కరిగించి పోసినవై యుండవచ్చును; వాటి పుట్టుక దుకాణదారునకును తెలియదు. ‘క్రిములను చంపును’ అని గొప్పగా అచ్చువేసిన డబ్బాను ఆ గొప్పకే విడిచిపెట్టుము: చేపల మలినమునందలి అమ్మోనియాను నైట్రైటుగను, నైట్రేటుగను మార్చి తొట్టిని బ్రతికించునవి ఆ సూక్ష్మజీవులే కదా!

ఇక నా తప్పు చెప్పెదను. పదునైదేండ్ల క్రిందట ఒక వేసవిలో కుళాయినీటికి కరవు వచ్చినప్పుడు, పాతసామానుల అంగడిలో నీలిరంగు డ్రమ్మొకటి సగము వెలకు కొంటిని. అడుగున 2 అంకె స్పష్టముగానున్నది. సోడాతో తోమితిని, మూడు దినములు ఎండబెట్టితిని, ముక్కు పెట్టి చూచి వాసన లేదని తృప్తిపడితిని. దానిలో నిలిపిన నీరు తొట్టిలో పోసిన మరునాటి ఉదయమున నా ఆరు గోల్డుఫిష్‌లును నీటిపైకి తేలి, మొప్పలు తెరచి మూయుచు, నన్ను చూచి ఎప్పటివలె మేతకై దరికి వచ్చినవి. వేరు నీరు సిద్ధపరచులోపల నాలుగు పోయినవి. మేతకని వచ్చిన ఆ రాక నేటికిని నా కన్నులయెదుట నున్నది. ఆ డ్రమ్ములో పూర్వమేమి నిలువచేసిరో నే నడుగలేదు. నూనెతత్త్వముగల రసాయనములను ఈ ప్లాస్టిక్కు తన గోడలోనికి పీల్చుకొని, తోమినను వదలక, పిమ్మట నీటిలోనికి కొంచెము కొంచెముగా విడుచును. పైరెత్రాయిడు జాతి పురుగుమందు లీటరునకు మిల్లీగ్రాములో కొద్ది వేయవవంతులున్నను చేపను చంపగలదు. అడుగునున్న అంకె పాత్ర జాతిని చెప్పినది గాని దాని చరిత్రను చెప్పలేదు. కావున క్రొత్తదే కొనుము. ధర ఎక్కువయైనచో చిన్నది కొనుము.

పాత్ర బలమును కూడ చూడుము: ఇరువది లీటర్ల నీరు ఇరువది కిలోలు. పలుచని చదరపు పెట్టె నిండగనే ప్రక్కలు ఉబ్బి పగులవచ్చును. గుండ్రని, మందమైన డ్రమ్ము నిలుచును. ఇనుపపిడి గల బకెట్టు వలదు, ఉప్పునీరు తగిలి తుప్పు లోనికి కారును. లీటరునకు సుమారు 35 గ్రాముల చొప్పున ఇరువది లీటర్లకు 700 గ్రాముల సముద్రలవణ మిశ్రమము కలిపి, చిన్న పంపుతో ఒక పగలును రాత్రియు త్రిప్పనిమ్ము. కుళాయినీటిలోని క్లోరిను ఒక దినము మూతలేక నిలిపినచో చాలవరకు పోవును. క్లోరమీనైనచో అట్లు పోదు, దానిని పోగొట్టు మందు కలుపవలసినదే.

కొన్నపిమ్మట ఆ పాత్రపై ‘చేపలకు’ అని చెరగని సిరాతో పెద్ద అక్షరములు వ్రాయుము. మా నాయనమ్మ మడిబిందెను ఎవ్వరిని తాకనిచ్చెడిది కాదు. అప్పుడు విసుగుకొంటిని గాని, ఫినాయిలు కలిపిన చేతితో ఎవరో చేపల బకెట్టు నందుకొనుట చూచిన నాడు ఆమె పట్టుదల అర్థమైనది. సబ్బు తగిలిన గుడ్డను సైతము ఆ పాత్రలో వేయనీయకుము. ఇంటిలోనివారికి చెప్పుము, పనిమనిషికి కారణముతోకూడ నెమ్మదిగా చెప్పుము.

ఆదివారమున ఎండ ముదరక మునుపే రమ్ము. గురువారము మాత్రము పెట్టుకొనకుము, ఇది మార్గశిరము, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనమునకు వచ్చు జనముతో వీధులలో డ్రమ్ము మోసికొని నడువజాలవు. నీకొరకు మూతగల తెల్లని బకెట్టొకటి ముందుగనే కొని, మంచినీరు నింపి మూసి, పెరటిలో నీడను ఉంచితిని. నేటికి మూడుదినములైనది. నా ముక్కును నేను నమ్మను. వచ్చి నీవే మూత తీసి చూడుము.

ఇట్లు,
నీ తాతయ్య