రెండు తాళ్ళ నడుమ

ఇంకా తెల్లారలేదు. భీమిలి ఒడ్డున అలివి వల లాగుతున్నారు. ఒక తాడు ఇటు, ఒక తాడు అటు, నడుమ చాలా దూరం. ఇటువాళ్ళకి అటువాళ్ళ మొహాలు కనిపించవు, మసక చీకట్లో కదిలే నీడలు తప్ప. అయినా రెండు జట్లూ ఒకే ఊపున వెనక్కి అడుగేస్తున్నాయి. ఒకవైపు తొందరపడితే వల వంకరపోతుంది, చేప జారిపోతుంది. అందుకే కాబోలు, ఇక్కడ ఒకరు కూత వేస్తే అక్కణ్ణించి బదులు వచ్చేదాకా ఆగుతున్నారు.

ఇది చూసినప్పుడల్లా మా పాత ఆర్కెస్ట్రా గుర్తొస్తుంది.

ఐదుగురం ఉండేవాళ్ళం. కీబోర్డు, గిటారు, తబలా, రిథమ్ ప్యాడు, పాడటానికి ఒకడు. వినాయక చవితి పందిళ్ళు, శ్రీరామనవమి రాత్రులు, అప్పుడప్పుడూ పెళ్ళిళ్ళు. వాయించినవి ఎక్కువగా సినిమా సంగీత దర్శకుల జంట రాజ్-కోటి పాటలే. జనం అవే అడిగేవారు.

ఆ రెండు పేర్ల మధ్య ఉండే అడ్డగీతను అప్పట్లో నేను పట్టించుకోలేదు. టి.వి. రాజు గారి అబ్బాయి ఒకరు, సాలూరు రాజేశ్వరరావు గారి అబ్బాయి ఒకరు. 1983లో ‘ప్రళయ గర్జన’తో మొదలుపెట్టి పదేళ్ళకు పైగా ఒక్క మనిషిలా వినిపించారు. 1994లో ‘హలో బ్రదర్’ వచ్చింది. దగ్గరికొస్తే చాలు, ఒకడి కదలిక ఇంకొకడి ఒంట్లో పలికే కవలల కథ. ఆ తర్వాత ఎంతో కాలం కాకుండానే ఆ జంట విడిపోయింది. 1995లో ‘పెదరాయుడు’కి కోటి ఒక్కరే, ‘సిసింద్రీ’కి రాజ్ ఒక్కరే. రెంటి పాటలూ జనం పాడుకున్నారు. అయినా మా గాయకుడు మాత్రం పోస్టరు ముందు నిలబడి, ఇంటి గోడ మీద బల్లి తోక తెగిపడితే చూసినట్టు చాలాసేపు చూశాడు.

మా జట్టు చెదిరిందీ ఆ రోజుల్లోనే. ఎందుకని అడిగితే తలా ఒకటి చెబుతాం. డబ్బుల పంపకమని ఒకరు, విశాఖలో ఉద్యోగమని ఒకరు, టీ కొట్టు దగ్గర తూలిన మాటని ఇంకొకరు. అన్నీ నిజమే కావచ్చు.

నాకు మాత్రం ఒక చవితి రాత్రి కళ్ళకు కడుతుంది. తన గిటారు తనకే వినబడటం లేదని గిటారు వాయించేవాడు ఆంప్లిఫయర్ నాబు కాస్త తిప్పాడు. కాసేపటికి కీబోర్డు నాబు తిరిగింది. తిప్పింది నేనే. తర్వాత ప్యాడు. చరణం ముగిసేసరికి అందరూ గట్టిగా వినబడుతున్నారు, పాట ఒక్కటే వినబడటం లేదు. జనం చప్పట్లు కొట్టారు. గొడవ జరిగింది ఎన్నో నెలల తర్వాత. విడిపోయింది ఆ రాత్రేనేమో.

ఎవరి వాయిద్యం వాళ్ళు వినాలనుకోవడం తప్పా? ఇన్నేళ్ళకీ తేలలేదు.

ఆ ఆంప్లిఫయర్ మా అటక మీదే ఉంది. మొన్న దింపి దుమ్ము తుడిచాను. ఐదు నాబులు, మనిషికొకటి. చుట్టూ ఉన్న అంకెల్లో ఐదు దాకా చెక్కుచెదరలేదు. ఆ పైవన్నీ వేళ్ళ రాపిడికి చెరిగిపోయాయి.

ఎక్కడో ఇంగ్లండులో బీటిల్స్ సంగతీ ఇంతే. 1968లో డ్రమ్ములు వాయించే రింగో స్టార్ మనసు కష్టపెట్టుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు తిరిగొచ్చేసరికి తన డ్రమ్ముల నిండా పూలు అలంకరించి ఉన్నాయట. 1970కల్లా ఆ జట్టే లేదు. మరి ఆ పూలు వృథా పోయినట్టా? నిలబడనిదంతా వృథా అయితే, పూలు ఎక్కడైనా వృథాయే కదా.

2023 మే నెలలో రాజ్ పోయారు. ఆ రాత్రి వాళ్ళ పాట ఒకటి పెట్టుకుని, ఇందులో ఈయనది ఎంత, ఆయనది ఎంత అని వెతికాను. దొరకలేదు. బొర్రా గుహల దగ్గర పుట్టిన గోస్తని ఇక్కడికొచ్చి సముద్రంలో కలుస్తుంది. మంచినీళ్ళు ఎక్కడ ఆగాయో, ఉప్పునీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో ఒడ్డున నిలబడి ఎవరు చెప్పగలరు? దొరకనందుకు ఎందుకో తృప్తిగా పడుకున్నాను.

ఒకప్పుడు డచ్చివాళ్ళ ఓడలు ఆగిన రేవు ఇది. ఓడలు పోయాయి. ఊరు ఉంది. పొద్దున్నే ఇడ్లీ పొగలు ఉన్నాయి. పోయినవాటితో ఊరు ఎలా రాజీ పడిందో, అసలు పడిందో లేదో.

వెలుగొచ్చింది. వల ఒడ్డెక్కింది. లాగుతూ లాగుతూ రెండు జట్లూ పక్కపక్కకు చేరాయి. చేప కొంచెమే పడింది. వాటాలేసుకుని, తాళ్ళు చుట్టలు చుట్టి, తలో దారిన పోతున్నారు. రోజూ ఇలా విడిపోతారు. దాన్నెవరూ విడిపోవడం అనరు. రేపు మళ్ళీ కలుస్తారు కనకనా? లేక లాగినంతసేపూ ఒకరి కోసం ఒకరు చెవి ఒగ్గారు కనకనా?

ఒక ముసలాయన మాత్రం పోలేదు. తన చుట్ట భుజాన వేసుకుని, అవతలి జట్టు తాడు చుట్టడం పూర్తయ్యేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు.