మందాక్షము

వరినాట్లవేళ టెక్కలి ప్రాంతమున స్త్రీలు చీర మోకాళ్లపైకి దోఁపి బురదలో దిగుదురు. దానిని సిగ్గుమాలినతన మని యెవ్వఁడు ననఁడు. పలాసలో జీడిపిక్కలు కొట్టువారి వ్రేళ్లను పిక్కనూనె పొక్కించును. ఆ వ్రేళ్లవంకఁ జూచువాఁడే లేఁడు. అదే మోకాలు సినిమా ప్రకటనపై కెక్కెనా, సరకగును! స్త్రీల నసభ్యముగాఁ జూపు ప్రకటనలను 1986 నాఁటి చట్టము నిషేధించినది. చట్టము పట్టుకొమ్మన్నది ప్రకటించువానిని. మనము పట్టుకొనునది ఇంటి యాఁడుపిల్లను.

నేనును అట్లే చేసితిని. ఓణీ సరిగా వేసికొమ్మని తరగతిలో నొక బాలికను మందలించితిని. వెనుకబల్లల బాలురు నవ్విరి. "ఆళ్లకేటి సెప్పినారు, మాస్టారూ?" అని యామె యడిగినది. ఉత్తరము తోఁచలేదు.

ఉడుపునకు మితి యక్కఱలేదని నే ననను. కాని యా మితి యొక్కరికేనా? అమరకోశమున లజ్జకుఁ గల పేర్లలో హ్రీ, త్రప, వ్రీడ, లజ్జ అను నాలుగును స్త్రీలింగములు. నే నిన్నేండ్లు బోధించినది ఆ నాలుగే కాఁబోలు! వానికి ముందున్న మందాక్షము నపుంసకలింగము. వాలిన కన్ను అని దాని యర్థము. అందు వస్త్రప్రసక్తి లేదు.

మఱునాఁడు ఆ పదమును నల్లబల్లపై వ్రాసి, వెనుకబల్లలవారిచే నర్థము చెప్పించితిని. క్షమింపు మని యా బాలిక నడుగుట మాత్రము నేఁటికిని జరుగలేదు.